ఆముదం పూసిన గుండు

మొన్నొక ఆదివారం పొద్దున నేను వాకిట్లో కూర్చొని చాయ తాగుతుంటే మా మనవరాలు తన ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. ఎక్కడో చలి దేశంలో, ఒక్కొక్కడు మనలాంటి ఇద్దరిని కలిపి కుట్టినంత ఉన్న పహిల్వాన్లు, వరసగా పెట్టిన ఐదు గుండ్లను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి రొమ్మెత్తు దిమ్మెల మీద పెడుతున్నారు. అదే వాళ్లకు ఉద్యోగమట, ఏడాది పొడవునా ఊళ్లు తిరిగి గుండ్లెత్తడమే పనట. ఆ గుండ్లు కూడా భూమిలో పుట్టినవి కావు, అచ్చులో పోసిన సిమెంటువి, చెండ్లలా నున్నగా ఉన్నాయి. కౌగిట్లోంచి జారకుండా ముంజేతులకు ఏదో జిగురు పూసుకుంటారని ఆ పిల్ల చెప్పింది. కప్పు అరుగు మీద పెట్టి లేచి వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరగడం మొదలుపెట్టాను. తాతకు ఏమైందోనని ఆ పిల్ల బెదిరిపోయింది. ఏం చెప్పను? వాళ్లు జారకుండా పూసుకుంటున్నారు, నా బతుకంతా జారేది పూసినందుకు ఎటో పోయింది. అప్పటినుంచి వారం రోజులుగా నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు, పడుకుంటే పడుకోబుద్ధి కావడం లేదు. నా ఈడు వాళ్లు మీరు, మీకైతే చెప్పుకోవచ్చు.

మన కాలంలో ఊరికొక రాతి గుండు ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. చావడి ముందో, కుర్రవాళ్లు కసరత్తు చేసే తాలీం పక్కనో, సగం మట్టిలో కూరుకొని, ఎండకు కాగుతూ, పిల్లలకు ఆసనంగా, మేకలకు వీపు గోక్కునే రాయిగా పడి ఉండేది. పండుగ నాడు మాత్రం దానికి ఎక్కడలేని గౌరవం వచ్చేది. మీసాలు వచ్చిన ప్రతివాడూ దాని చుట్టూ తిరిగి, ఒకసారి కదిపి చూసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక ఎత్తబోయి, నడుము పట్టుకొని ఇంటికి పోయేవాడు. మాది కొల్లాపూర్ పక్క పల్లె, గొర్రెలు కాచుకునే ఇల్లు. నాయిన మందను తోలుకొని ఎండాకాలమంతా కృష్ణ అవతల అడవుల్లో ఉండేవాడు కాబట్టి నేను నాయిన తల్లి అయిన అవ్వ చేతుల్లోనే పెరిగాను. మా ఊరి గుండును నేను పదిహేడో ఏట భుజం మీదికి ఎత్తాను, ఎత్తిన వాడిని అక్కడే ఉండక, మెచ్చుకోలు వినకుండానే పక్క ఊరి గుండు సంగతి ఏమిటని బయలుదేరాను. కాలుగాలిన పిల్లి అని మా ఇంట్లో నాకు పేరు. వీని అరికాళ్ల కింద ఎవరో నిప్పులు పోసిన్రు అని అవ్వ వచ్చిన వాళ్లకల్లా చెప్పేది, అది కోపంతో చెప్పేదో మురిసిపోతూ చెప్పేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎనభైలు మొదలైన కొత్తలో మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని విని, ఇంట్లో చెప్పీ చెప్పకుండా పోయి, లారీలకు బస్తాలు ఎత్తే హమాలీగా కుదిరాను. రోజంతా బస్తాలెత్తి, తలలో, కనురెప్పల మీద బూడిదరంగు దుమ్ముతో బయటికి వచ్చినా నా ఒంట్లో ఇంకా తిమ్మిరి మిగిలే ఉండేది. అది ఎక్కడ వదిలించుకోవాలా అని తిరుగుతుంటే, అందరూ చిచ్చా, అంటే చిన్నాయన, అని పిలిచే ఒక పెద్దాయన కనిపించాడు. ఆయన సాయిబు, ఎడ్ల కాళ్లకు నాడాలు కొట్టడం ఆయన వృత్తి. ఎద్దును తాళ్లతో మెత్తగా పడేసి, నాలుగు కాళ్లూ ఒకచోట కట్టి, దాని చెవిలో ఏదో చెప్తూ, గిట్టకు ఇనుప నాడా బిగించి, చివర తన సీసాలోంచి రెండు చుక్కల ఆముదం ఆ గిట్టకు రాసి లేపేవాడు. ఆ సీసా ఆయన నడుముకు ఎప్పుడూ వేలాడుతుండేది. బండలాగుడు పందేలకు పోయే ఎడ్లు ఆయన చేతి నాడా లేకుండా బరిలో దిగేవి కావు. ఆయన కొట్టం వెనక ఎర్రమట్టి పోసిన చిన్న తాలీం, అందులో ఐదారు గుండ్లు ఉండేవి. సాయంత్రం అయితే మాలాంటి హమాలీలు, రాయి కొట్టేవాళ్లు అక్కడ చేరేవాళ్లం.

ఉస్తాద్ అంటే మీసం, అరుపు, బెత్తం అనుకుంటాం గదా, చిచ్చాకు ఆ మూడూ లేవు. ఆయనకు ఉన్నది ఒక్కటే మాట, నిమ్మలం. గుండు ఎత్తడంలో ఒక రహస్యం ఉంది, మనవరాలి ఫోనులో ఉన్నవాళ్లకూ అది తెలుసు, వాళ్లూ అదే చేస్తున్నారు. గుండును కాళ్ల మధ్యకు దొర్లించుకొని, రెండు ముంజేతులూ దాని కడుపు కిందికి పోనిచ్చి, ముందు తొడల మీదికి తీసుకోవాలి. అక్కడ ఆగాలి. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లిలా కూర్చొని, మూడు సార్లు ఊపిరి తీసి, గుండు ఎటు బరువుందో, పట్టు ఎక్కడ కుదిరిందో తెలుసుకొని అప్పుడు రొమ్ముకు, రొమ్ము మీదినుంచి భుజానికి, భుజం మీదినుంచి వెనక్కి వేయాలి. ఆ మధ్యలో ఆగడమే అసలు విద్య అని చిచ్చా చెప్పేవాడు. నాకు రానిది అదొక్కటే. తొడ మీదికి రాగానే నా ఒళ్లు నన్ను నిలవనిచ్చేది కాదు, ఒక్క ఊపున పైకి విసిరేసేవాణ్ని. చిన్న గుండ్లకు అది చెల్లింది. వెనక నిలబడి "నిమ్మలం బేటా, జర నిమ్మలం" అని ఆయన అంటూనే ఉండేవాడు, నేను ఎత్తి పడేసి నవ్వుతూనే ఉండేవాణ్ని.

మూడేళ్లలో నేను ఆయనతో చాలా జాతరలు తిరిగాను. గెలిచినవాడికి వెండి కడియమో, పొట్టేలో, పట్టు రుమాలో ఇచ్చేవాళ్లు. ఇంటికి తెచ్చిన పొట్టేళ్లను అవ్వ మందలో కలిపి, వాటికి నేను గెలిచిన ఊళ్ల పేర్లే పెట్టి పిలిచేది. పోటీకి ముందు చిచ్చా నా నడుముకు ఆకుపచ్చ దట్టి కట్టేవాడు. దట్టి అంటే పీర్ల పండుగకు కట్టే నడికట్టే, మీకు తెలియనిది కాదు. ఉస్తాద్ కడితేనే దానికి బలమనీ, ఎవడికి వాడు కట్టుకుంటే అది ఉత్త గుడ్డపేలికనీ మా తాలీంలో పట్టింపు. ఆయన ముడి వేసి, ఆ ముడి మీద అరచేయి ఆనించి ఒక క్షణం ఊరుకునేవాడు. ఆ క్షణం కూడా నాకు ఓపిక ఉండేది కాదు.

చిచ్చా పుట్టింది ఆలంపూర్ దగ్గర తుంగభద్ర ఒడ్డున ఒక ఊళ్లో. ఆ ఊరి గుండు కథ ఆయన వానాకాలం పనులు లేని రోజుల్లో చెప్పేవాడు. నల్లటి గుండు, క్వింటాలు పైమాటే, కోడిగుడ్డులా ఒక పక్క సన్నం, ఒక పక్క లావు. పడుచుతనంలో ఆయన దాన్ని రొమ్ము దాకా తెచ్చి, భుజానికి ఎక్కించలేక, నడుము పట్టేసి మంచానపడి, ఆ సిగ్గుతోనే ఊరు వదిలి ఇటు వచ్చాడు. ఆ తర్వాత కూడా దాన్ని ఎవరూ ఎత్తలేదు. తన చేత కానిది తన శిష్యుడి చేత కావాలని ఆయన కోరిక, అది ఆయన పైకి అనకపోయినా తాలీంలో అందరికీ తెలుసు. ఇంకొక సంగతి కూడా అందరికీ తెలుసు, ఆ ఊళ్లోనే ఆయన చెల్లెలి కొడుకు వేరే ఉస్తాద్ దగ్గర తయారై అదే గుండు మీద కన్నేసి ఉన్నాడు.

మూడో ఏడాది ఆ ఊరి జాతరకు రెండు రోజుల ముందు బయలుదేరి, నాలుగు బస్సులు మారి పోయాం. దారి పొడవునా నేను కిటికీ దగ్గర కూర్చోలేక డ్రైవరు వెనక నిలబడే ప్రయాణం చేశాను. ముందురోజు సాయంత్రం ఎత్తేవాళ్లు పోయి గుండును చూసుకోవడం ఆచారం. దొర్లించి, తట్టి, కడుపు ఏది వీపు ఏది అని చేతులతో తెలుసుకోవాలి. పొద్దున కొబ్బరికాయ కొట్టి బొట్లు పెట్టాక పోటీ మొదలయ్యే దాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. నేను రెండు నిమిషాల్లో చూడటం ముగించి, ఇందులో ఏముంది చిచ్చా అని, జాతరలో రంగులరాట్నం వైపు పోయాను. ఆయన ఒక్కడే చీకటి పడేదాకా ఆ గుండు పక్కన కూర్చున్నాడు.

మరునాడు పొద్దున ఆయన ముఖం ఎందుకో తేడాగా ఉంది. దట్టి కట్టేటప్పుడు చేయి ఎప్పటికన్నా ఎక్కువసేపు ముడి మీద ఉంచి, నా చెవి దగ్గరికి వచ్చి "ఇయ్యాల నువ్వు ఆఖరుకు పో బేటా, నా మాటిను" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు, అటూ ఇటూ చూసి, మళ్లీ అదే మాట అన్నాడు. ఆఖరుకు పోవడమా? అప్పటికే డప్పులు నా రక్తంలో మోగుతున్నాయి. పెద్దమనిషి ఒకాయన ముందు ఎవరు పోతారని అడిగాడు. మామూలుగా ఆ ప్రశ్నకు ఎవరూ పలకరు, ఒకరు ఎత్తుతుంటే చూసి ఎత్తడమే తెలివి. ఆయన నోట మాట పూర్తయ్యేలోపల నేను బరి మధ్యలో ఉన్నాను. వెనక నుంచి చిచ్చా పిలుపు వినిపించింది, నేను వినిపించుకోలేదు.

గుండు తొడల మీదికి సుళువుగానే వచ్చింది. అక్కడ నేను ఆగి ఉంటే, మూడు ఊపిర్లు కాకపోయినా ఒక్కటి తీసి ఉంటే, నా ముంజేతుల కింద రాయి మెల్లగా కదులుతున్న సంగతి తెలిసేది. ఆగలేదు. ఒక్క ఊపున రొమ్ముకు తెచ్చాను, అంతే, సబ్బు ముక్క జారినట్టు అది నా కౌగిట్లోంచి జారి కిందికి పోయింది. ఎడమకాలి బొటనవేలు దాని అంచు కింద నలిగింది. జనం హా అన్నారు. చిచ్చా పరుగున వచ్చి, నా కాలు ఒళ్లో పెట్టుకొని, సీసా మూత తీసి వేలికి ఆముదం రాయబోయాడు. అప్పుడు వచ్చింది వాసన. నా రొమ్ము మీద, నా ముంజేతుల మీద, ఆయన సీసాలో, అన్నిచోట్లా ఒకటే వాసన. సీసా చూశాను, నిన్న నిండుగా ఉన్నది ఇప్పుడు సగమే ఉంది.

నేను కుంటుకుంటూ పక్కకు వచ్చి కూర్చున్నాను. తర్వాత ఇద్దరు వచ్చి ప్రయత్నించి ఓడారు. ఆ గుండు నా ఒంటికీ వాళ్ల ఒంటికీ రాసుకొని, ఎర్రటి దుమ్ములో మూడు మార్లు దొర్లి, పొడి రాయిలా అయ్యాక చెల్లెలి కొడుకు వచ్చాడు. తొడల మీద పెట్టుకొని ఆగాడు. మూడు ఊపిర్లు తీశాడు. భుజం మీదినుంచి వెనక్కి వేశాడు. ఏళ్లుగా ఎవరికీ లొంగని గుండు అది, జనం వాడిని నేల మీద నిలవనివ్వలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు గదా, నాకు ఆరోజు నిజంగానే కాలి వేలి నుంచి నెత్తి దాకా మంటే. లేచి, వందల మంది చూస్తుండగా చిచ్చా ముందుకు పోయి, "నీ మేనల్లుని కోసం నా గుండుకు ఆముదం పూస్తవా చిచ్చా?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. సీసా లాక్కొని రాయికేసి కొట్టాను. నడుము నుంచి దట్టి ఊడదీసి ఆయన రొమ్ము మీదికి విసిరాను. అది ఆయన కాళ్ల దగ్గర దుమ్ములో పడింది. ఉస్తాద్ కట్టిన దట్టిని నలుగురిలో ఊడదీసి పారేయడం ఆయన బతికుండగానే తలకొరివి పెట్టినట్టు. ఆయన నోరు తెరిచాడు, ఏదో చెప్పబోయి, నా వెనక జనంలోకి ఎటో చూసి, మళ్లీ మూసుకున్నాడు. వంగి దట్టి తీసి, దులిపి, మడత పెట్టి భుజం మీద వేసుకున్నాడు. "నిమ్మలంగ పో బేటా, కాలు పైలం" అన్నది ఒక్కటే ఆయన అన్న మాట.

ఆరోజే అక్కడినుంచి మా ఊరికి వచ్చేశాను, మళ్లీ మేళ్లచెరువు మొహం చూడలేదు. ఆరేళ్లపాటు ఏ పనిలోనూ నిలవలేదు. లారీ క్లీనరుగా కొన్నాళ్లు, కంకర మిల్లులో కొన్నాళ్లు, పెళ్లయ్యాక నాయిన మంద వెనక కొన్నాళ్లు. చాయ దుకాణం కనిపిస్తే చాలు, ఉస్తాద్ నన్ను ఎట్లా ముంచాడో మొదటినుంచి చెప్పేవాణ్ని. చెప్పిన కొద్దీ కథ పెరిగింది, చివరకు ఆయన రాత్రంతా కూర్చొని గుండుకు నూనె పట్టించినట్టు, నేను కళ్లారా చూసినట్టు చెప్పేదాకా వచ్చింది. ఒక్క చిక్కు మాత్రం ఎప్పుడూ మిగిలిపోయేది. నన్ను ముంచాలనే ఉంటే ఆఖరుకు పొమ్మని ఎందుకు చెప్పాడు? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి తిరిగేవాణ్ని, తిరుగుతుంటే అది తప్పించుకొని పోయేది.

తొంభైల మొదట్లో ఒక రోజు, మందలో గొర్రెలు ఈనే కాలం. దొడ్డి మూలన మా ఇంటి దేవుడు ఒక రాయి. మందకు మంచి జరగాలని ఏటా ఆ రాయికి ఆముదంతో తానం పోయించి పసుపు రాయడం మా ఇంటి పద్ధతి, అది చేయడం అవ్వ హక్కు. అప్పటికి ఆమెకు చూపు మందగించింది, అయినా గిన్నె ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను దొడ్డి కంప సరిచేస్తుంటే, రాయికి నాలుగు పక్కలా నూనె రుద్దుతూ, దేవుడి మీద ఎన్నాళ్ల నుంచో ఉన్న అలక ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నది, "నీ గుండుకు గూడ గిట్లనే తానం పోయించిన గదరా ఆ పొద్దు. సోలెడు ఆముదం. కిందా మీదా ఏడ వదలలే. ఆ దేవుడు కండ్లు తెరువకపాయె."

కంపముల్లు నా అరచేతిలో దిగింది, నాకు నొప్పి తెలియలేదు. ఏ పొద్దు అవ్వా అని అడిగాను. జాతర పొద్దేనట. వస్తానంటే నేను అరుస్తానని నాకు చెప్పకుండా, జోగులాంబకు మొక్కు ఉందని నాయినకు చెప్పి, ముందురోజే పెబ్బేరు దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకొక బస్సు ఎక్కి వచ్చిందట. తెల్లవారుతూనే గుండు ఎక్కడుందో కనుక్కొని, తన చేతులతో దానికి తానం పోయించి, జనంలో ఒక మూల నిలబడి చూసిందట. నేను ఓడిన తర్వాత, జనం హోరులో మాటలు అందకపోయినా నేను అరవడం చూసి భయపడి, కనిపించకుండా మళ్లీ బస్సెక్కిందట. ఇంతా చెప్పి, నూనె తక్కువైందేమోరా అని ఆమె బాధపడింది. రాతికి నూనె పెడితే దేవుడు చల్లగా చూస్తాడని ఎరుగుదు గానీ, రాతికి నూనె పెడితే మనిషి చేయి జారుతుందని ఆమెకు ఆ క్షణం దాకా తట్టలేదు, పోయేదాకా కూడా తట్టలేదు. నేను చెప్పలేదు.

చేయి జారిన గుండునైనా మళ్లీ ఎత్తుకోవచ్చు గానీ నోరు జారిన మాటను ఎత్తుకోలేం. అయినా ఆ మధ్యాహ్నమే బయలుదేరాను. రెండు రోజులకు మేళ్లచెరువు దగ్గర చిచ్చా కొట్టం చేరాను. కొట్టం సగం కూలి ఉంది. ఊళ్లో ట్రాక్టర్లు వచ్చాయి, నాడాలకు ఎడ్లు వచ్చేది తగ్గింది. వెనక తాలీంలో ఎవరిదో గడ్డివాము వేసి ఉంది. ఆయన మంచం మీద కూర్చొని, ఎద్దు తన్ని వంకర పోయిన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో మెల్లగా వత్తుకుంటున్నాడు. నన్ను చూసి, నిన్న పోయి ఇవాళ వచ్చినవాణ్ని పలకరించినట్టు కూర్చోమన్నాడు. నాకు కూర్చోవడం చాతకాలేదు. నిలబడే వంగి, ఆయన కాళ్లు పట్టుకొని, అవ్వ చెప్పింది మొత్తం గడగడా కక్కేశాను.

ఆయనకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. "పొద్దుగాల మీ అవ్వనే నా తానకొచ్చి నూనె అడిగింది. దీపానికనుకొని సీసాల సగం పోసిన. గుండుకు తానం పోయిస్తదని నాకేమెరుక? నే చూసేసరికి కొబ్బరికాయ కొట్టిన్రు, ఇంగ ముట్టొద్దు. ముట్టొచ్చినా, ముసలామె మొక్కి పెట్టిన నూనె, నేను సాయిబును, నలుగుర్ల ఎట్ల తుడుస్త బేటా? ముందు పోయేటోళ్ల చేతులకు అంటి పోతదని నిన్ను ఆఖరుకు పొమ్మన్న" అన్నాడు. తాను వచ్చినట్టు మనవడికి చెప్పొద్దని ఆమె ఆయన దగ్గర మాట కూడా తీసుకుందట.

మరి నేను అంత మాట అన్నప్పుడైనా ఎందుకు చెప్పలేదని ఏడుస్తూ అడిగాను. ఆయన వేళ్లు వత్తుకోవడం ఆపి నా వైపు తిరిగాడు. "అప్పుడామె నీ యెనక జనంల నిలబడ్డది. దట్టి నా మీన పారేసినవు, నేను ఏరుకున్న. గదే దట్టి అవ్వ మీన పారేస్తే ఆమె బతుకునా?" అన్నాడు. ఆరోజు ఆయన జనంలోకి చూసిన చూపు ఎవరిమీదో నాకు అప్పుడు తెలిసింది.

వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలోంచి ఆకుపచ్చ దట్టి తీసి ఇచ్చాడు. ఉతికి, మడత పెట్టి, వేపాకు వేసి దాచాడు. కట్టమని నడుము ముందుకు పెట్టాను. ఆయన ప్రయత్నించాడు, రెండుసార్లు, ఆ వంకర వేళ్లతో ముడి పడలేదు. నాకు తెలిసి చిచ్చా ఒక పని మొదలుపెట్టి వదిలేయడం అదొక్కటే. నువ్వే కట్టుకో బేటా అన్నాడు. నేను కట్టుకోలేదు, ఇప్పటిదాకా కట్టుకోలేదు, ఇంకే గుండూ ఎత్తలేదు. ఆ తర్వాత ఐదేళ్లు, ఆయన పోయేదాకా, పంటలయ్యాక పోయి నాలుగు రోజులు ఆయన దగ్గర ఉండి వచ్చేవాణ్ని. చాయ దుకాణాల్లో చెప్పిన కథను మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాను. ఎక్కడో ఒక ఊళ్లో ఇప్పటికీ ఎవరో ఒకరు, శిష్యుడిని ముంచిన ఉస్తాద్ అని చెప్పుకుంటూనే ఉంటారు, నా నిద్ర చెడగొట్టేది అదే.

వారం రోజులు వాకిట్లో తిరిగి తిరిగి, నిన్న ఇంక ఆగలేక బస్సెక్కి ఆలంపూర్ వైపు ఆ ఊరికి పోయి వచ్చాను. గుండు ఉంది. కానీ ఇప్పుడు దానికి చిన్న గుడి, ఇనుప చువ్వల తలుపు, వెండి కళ్లు, ముందు ఒక హుండీ. దాన్ని మనుషులు ఎత్తేవాళ్లన్న సంగతి అక్కడ పూలమ్మే అమ్మాయికి తెలియదు. తాలీంలు లేవు, నాడాలు కొట్టేవాళ్లు లేరు, గుండ్లెత్తేవాళ్లు ఎవరి ఫోనులోనో చలి దేశాల్లో ఉన్నారు, వాళ్ల గుండు దరిదాపుల్లోకి ఎవరి అవ్వా గిన్నె పట్టుకొని రాలేదు. తలుపు తీసి ఉండటంతో లోపలికి పోయి రెండు అరచేతులూ రాయికి ఆనించాను. చేతులు సర్రున జారాయి. రోజూ భక్తులు పోసే నూనె, కిందా మీదా ఏడా వదలకుండా.

నా భుజం మీద తువాలు ఉంది. చేయి దానంతట అదే తువాలు తీసి రాయి మీదికి పోయింది. అప్పుడు ఆగాను. చుట్టూ నలుగురు చూస్తున్నారని కాదు, చిచ్చా తుడవలేని నూనెను తుడవడానికి నేనెవణ్నని. తువాలు మళ్లీ భుజం మీద వేసుకొని, నూనె చేతులతోనే ఒకటి, రెండు, మూడు, ఊపిరి తీశాను. గుండు దగ్గర నేను అట్లా నిమ్మలంగా ఆగడం అదే మొదలు. చూడటానికి చిచ్చా లేడు.